బలవంతం, ఒత్తిడి... ఇవి కాక తెలుగులో ఇంకేం మాటలున్నాయి?

మీరు అడిగింది తర్వాత చదివేవాళ్ళకి కూడా తెలియాలి కాబట్టి ముందు క్లుప్తంగా చెప్తాను. ఉద్యోగుల చేత ఇష్టం లేకుండా రాజీనామాలు, హామీ పత్రాలు రాయించుకోవడం మీద ఇంగ్లీషులో ఉన్న ఒక రిపోర్టును మీరు తెలుగు చేస్తున్నారు. అందులో కంపెల్, కోయర్స్, ప్రెషరైజ్, పర్సుయేడ్, ఇంటిమిడేట్ అని పేజీకో మాట వాడారు. మీకేమో ఎటు తిప్పి చూసినా ‘బలవంతం చేశారు’, ‘ఒత్తిడి తెచ్చారు’ తప్ప ఇంకేం తట్టడం లేదు. వేరే మాటలున్నాయా, ‘ప్రెషర్ పెట్టారు’ అని రాసేస్తే తప్పా, ఇవీ మీ రెండు ప్రశ్నలు.

మాటలకేం కరువు లేదండీ. పత్రిక డెస్కులో చాలా ఏళ్ళు వార్తలు దిద్దాను, ఇప్పుడు జనం రాసుకొచ్చే ఫిర్యాదులు, అర్జీలు సరిచేసి పెడుతుంటాను, రెండు చోట్లా నాకు కనిపించింది ఒక్కటే: మనవాళ్ళు నోటితో చెప్పేటప్పుడు పది రకాలుగా చెప్తారు, కాగితం మీద పెన్ను పెట్టగానే అవన్నీ ఎగిరిపోయి ‘ఒత్తిడి’ ఒక్కటే మిగులుతుంది. అది పెద్దమనిషి తరహా మాట, ఎవరినీ నొప్పించదు, అందుకే ఏమీ చెప్పదు కూడా.

మీరు ఈ మాటల్ని తీవ్రతని బట్టి వరసలో పేర్చుకోవాలని చూస్తున్నట్టున్నారు, బతిమాలడం అన్నిటికన్నా కింద, కత్తి చూపించడం అన్నిటికన్నా పైన. అలా పేరిస్తే పని జరగదు. గొంతు ఎంత లేచిందన్నది కాదు లెక్క. ఆ మనిషి ‘నేను చెయ్యను’ అని ఉంటే ఏం పోగొట్టుకునేవాడో చూడండి. ప్రాణమా, పరువా, జీతమా, ఇంట్లోవాళ్ళ ప్రేమా, లేక కేవలం ఆ పూట ప్రశాంతతా? అది తేలితే మాట దానంతట అదే వస్తుంది, ఎందుకంటే వీటిలో ఒక్కోదానికి మన భాషలో విడిగా మాట ఉంది.

అంతకన్నా ముందు వాక్యం సంగతి. మీరు నమూనాగా ఇచ్చిన ‘అతన్ని సంతకం చేయడానికి బలవంతం చేశారు’ అన్నది మనం మాట్లాడే తీరు కాదు. ‘సంతకం పెట్టమని బలవంతం చేశారు’ అంటాం, లేదా ‘బలవంతంగా సంతకం పెట్టించారు’ అంటాం. ఈ రెండూ ఒకటి కాదు, మీ రిపోర్టుకి ఈ తేడా చాలా ముఖ్యం. మొదటి వాక్యంలో అతను చివరికి పెట్టాడో లేదో తెలియదు, ‘ఎంత బలవంతం చేసినా పెట్టలేదు’ అని కథ ఇంకోలా కూడా ముగియొచ్చు. రెండో వాక్యంలో పని అయిపోయింది. ఇంగ్లీషు మూలంలో ‘ఫోర్స్‌డ్ టు సైన్’ అని ఉంటే సంతకం పడిందనే అర్థం. అక్కడ ‘పెట్టమని బలవంతం చేశారు’ అని రాస్తే మీరు సగం సంగతి ఎగరగొట్టినట్టే. ఒత్తిడి కూడా అంతే, ‘ఒత్తిడి చేశారు’ అంటే ప్రయత్నం మాత్రమే, ఫలితం చెప్పదు.

ఫలితం చెప్పే పని తెలుగులో క్రియకి అంటుకునే చిన్న తోక చేస్తుంది. రాయు, రాయించు. పెట్టు, పెట్టించు. ఈ ‘ఇంచు’ ఒక్కటే ఉంటే అందులో బలవంతం ఉన్నట్టు కాదు, మేస్త్రీ గోడ కట్టించాడంటే ఎవరూ ఎవర్నీ పీడించలేదు. కానీ దాని వెనక ‘కొను’ చేరిందా, ఎవరి లాభం కోసం జరిగిందో బయటపడిపోతుంది. ‘తమ్ముడి చేత కాగితం రాయించాడు’ అంటే సాయం చేశాడని కూడా అనుకోవచ్చు. ‘తమ్ముడి చేత కాగితం రాయించుకున్నాడు’ అనగానే వినేవాడి కనుబొమ్మ లేస్తుంది. ‘ఆస్తి రాయించుకున్నారు’, ‘ఒప్పించుకున్నారు’, ‘సంతకాలు పెట్టించుకున్నారు’, వీటిలో బలవంతం అన్న మాటే లేదు, అయినా అనుమానం మొత్తం ఉంది. మీ రిపోర్టులో యాజమాన్యం ఏం చేసిందో చెప్పే చోట్ల ఈ రూపం ఒక్కటి వాడి చూడండి, సగం చోట్ల ‘బలవంతంగా’ అన్న క్రియావిశేషణం తీసేయొచ్చు.

ఇక బలవంతం అన్న మాట. దాన్ని అందరూ గట్టి మాట అనుకుంటారు గానీ ఇళ్ళల్లో అది చాలా మెత్తటిది. ‘ఉండిపొమ్మని మరీ బలవంతం చేస్తే ఆగిపోయాం’ అంటే అక్కడ ఎవరి హక్కులూ భంగం కాలేదు, ప్రేమే ఉంది. ‘బలవంతంగా నవ్వాడు’ అంటే తన మీద తనే చేసుకున్నాడు. ‘బలవంతపు మాఘస్నానం’ అంటే ఇష్టం లేకపోయినా తప్పక చేసిన పని, దాంట్లో కాస్త నవ్వు కూడా ఉంది. అదే మాట పోలీసు ఫిర్యాదులో కనిపిస్తే మనిషిని ఎత్తుకుపోయినంత పని. అంటే బలవంతం తనంతట తాను ఏ బరువూ మోయదు, పక్కనున్న వాక్యాలు మోయాలి. ‘బలాత్కారం’ అంతకన్నా ఇబ్బంది. పాత న్యాయ పరిభాషలో దాన్ని కోయర్షన్‌కి వాడినా ఇప్పుడు మామూలు పాఠకుడికి అది ఒక్క అర్థంలోనే తడుతుంది, రాజీనామాల రిపోర్టులో పెట్టకండి. ‘నిర్బంధం’ బాగుంటుంది గానీ ‘నిర్బంధించారు’ అని క్రియ చేశారో, గదిలో పెట్టి తాళం వేసినట్టు అర్థమవుతుంది. ‘నిర్బంధ విద్య’లో ఉన్నట్టు విశేషణంగా వాడితే తప్పనిసరి అనే అర్థంలో క్షేమంగా ఉంటుంది.

మొహమాటపెట్టడం గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారంలో మనకి మనమే తయారుచేసుకున్న అసలైన మాట అది, దాన్ని ఎవరూ రిపోర్టుల్లో వాడరు. నయానా భయానా అంటాం, సామదానభేదదండోపాయాలు అంటాం, మంచిగా చెప్పడం, ఏదో ఇచ్చి ఒప్పించడం, మనుషుల మధ్య చీలిక తేవడం, దండించడం. ఈ నాలుగింటిలో దేనిలోనూ మొహమాటం ఇమడదు. ఎదుటివాడు ఏమీ ఇవ్వడు, ఏమీ అనడు, మొహం మీద మొహం పెట్టి నిలబడతాడంతే. ‘మీరు కాదంటారని నేను అనుకోలేదు’ అంటాడు. పదిమంది ఉన్నచోట అడుగుతాడు. మన చేతిలో పెన్ను పెట్టేసి ఇంకెవరితోనో మాట్లాడటం మొదలుపెడతాడు. కాదంటే పోయేది మన మర్యాద, అతనిది కాదు, అక్కడే ఉంది కిటుకు. పాత పుస్తకాల్లో ‘మొగమోటమి’ అని కూడా కనిపిస్తుంది ఈ మాట.

‘మొహమాటానికి పోయి కడుపు తెచ్చుకున్నట్టు’ అని ఒక సామెత ఉంది కదా, నాకు అదంటే పడదు. తప్పంతా కాదనలేకపోయిన మనిషి మీద వేసి, ఆ పరిస్థితిలోకి నెట్టినవాణ్ణి హాయిగా వదిలేస్తుంది. అందుకే నేను ‘మొహమాటపడి సంతకం పెట్టారు’ అన్న వాక్యం వస్తే ‘మొహమాటపెట్టి సంతకం చేయించుకున్నారు’ అని మారుస్తాను, నిజంగా అలా జరిగి ఉంటేనే సుమా. ‘పడు’ అంటే బాధితుడి బలహీనత, ‘పెట్టు’ అంటే ఎదుటివాడి పని. భయపడ్డాడు, భయపెట్టాడు. తొందరపడ్డాడు, తొందరపెట్టాడు. ఇబ్బందిపడ్డాడు, ఇబ్బందిపెట్టాడు. మన భాషలో ఈ జంటలు బోలెడు. ప్రతిసారీ మీరు రెండిట్లో ఏదో ఒక పక్షం ఎంచుకుంటున్నారు, తెలిసి ఎంచుకోండి.

మొహమాటం పక్కనే ఉండేది పోరు. దీనికి పరువుతో పనిలేదు, ఓపిక అరగదీయడమే. నస పెట్టడం, సతాయించడం, బుర్ర తినడం, ప్రాణాలు తోడేయడం, చెవినిల్లు కట్టుకుని పోరడం, వెంటపడటం. వీటిలో సతాయించడం హిందీ ‘సతానా’కి మన ‘ఇంచు’ అంటించుకున్నది. ‘పోరు పడలేక ఒప్పుకున్నాను’ అంటే చాలు, ఎన్ని ఫోన్లు వచ్చాయో, ఎన్ని సార్లు పిలిచారో చదివేవాడు ఊహించుకుంటాడు. ‘వేధించడం’ మాత్రం ఈ గుంపులోది కాదు, అది బరువైనది, చట్టాల తెలుగులో హెరాస్‌మెంట్‌కి స్థిరపడిపోయింది, కాబట్టి పది మెయిళ్ళు పంపినదానికి వేధింపు అనకండి, నిజంగా వేధింపు జరిగిన చోట మాట మిగలదు. ఇంట్లో పోరుకి ఇంకో మెత్తటి వైపు ఉంది, అలగడం, ఒట్టు వేయించుకోవడం, భీష్మించుకు కూర్చోవడం, కాళ్ళావేళ్ళా పడటం. చివరిది చూడటానికి లొంగుబాటులా ఉంటుంది గానీ కాళ్ళ మీద పడ్డవాణ్ణి కాదనడం ఎంత కష్టమో పడ్డవాడికి బాగా తెలుసు.

పొగిడి చేయించడం ఇంకో దారి. మునగచెట్టు ఎక్కించడం అంటాం. ‘ఈ ప్రాజెక్టు మీరు తప్ప ఎవరూ మోయలేరు’ అని మూడు నెలలు సెలవు లేకుండా చేయిస్తే అది మునగచెట్టే. ‘ఊరించడం’, ‘ఆశ పెట్టడం’, ‘ప్రలోభపెట్టడం’ దానికి పై మెట్లు, ‘ఎర వేయడం’ అంటే మోసం కూడా కలిసింది. ‘నమ్మబలకడం’ విడిగా గుర్తుపెట్టుకోండి, మీ రిపోర్టులో చాలా చోట్ల పర్సుయేడ్ అన్న దగ్గర నిజానికి జరిగింది అదేనని నా అనుమానం. ఒప్పించడంలో నిజం ఉండొచ్చు, నమ్మబలకడంలో ఉండదు.

వెనక ఉండి ఎగదోసేవాళ్ళకి వేరే మాటలు. ఉసిగొల్పడం కుక్కని మీదికి వదిలే దగ్గర్నుంచి వచ్చింది, ఆ వాసన ఇంకా పోలేదు, అందుకని ఉసిగొల్పబడినవాణ్ణి కూడా అది తక్కువ చేస్తుంది. పురికొల్పడం అంత చెడ్డది కాదు, మంచి పనికి కూడా పురికొల్పొచ్చు. ప్రేరేపించడం రెండు వైపులా పోతుంది. రెచ్చగొట్టడంలో కోపం ఉండాలి. ‘ఎవరో కీ ఇచ్చారు’ అంటే ఆ మనిషికి సొంత బుర్ర లేదని తేల్చేయడం. వార్తల్లో అన్నిటికన్నా ఎక్కువ వాడింది ‘ప్రోద్బలంతో’, ఎందుకంటే ఫలానావాడు చేశాడని రుజువు లేనప్పుడు, చేయించాడని అనుమానం ఉన్నప్పుడు ఇంతకన్నా సౌకర్యమైన మాట లేదు. దస్తావేజుల్లో కూడా ఇది ఉంటుంది, ‘ఎవరి బలవంతం గానీ ప్రోద్బలం గానీ లేకుండా నా ఇష్టపూర్వకంగా రాసి ఇచ్చినది’ అని. అలాంటి వాక్యం ఉన్నంత మాత్రాన బలవంతం లేదని కాదు. బలవంతంగా రాయించుకున్న కాగితంలోనూ అది ఉంటుంది, ఇంకా జాగ్రత్తగా ఉంటుంది.

బెదిరింపు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు, అందరికీ తెలిసిన మాటలే: బెదిరించడం, భయపెట్టడం, హెచ్చరించడం, ధమ్కీ ఇవ్వడం, మెడ మీద కత్తి పెట్టడం. హెచ్చరికకీ బెదిరింపుకీ తేడా మాత్రం చూసుకోండి. హెచ్చరించేవాడు రాబోయేది చెప్తాడు, బెదిరించేవాడు తాను తెప్పించబోయేది చెప్తాడు. ‘ఈ నెల అమ్మకాలు తగ్గితే కష్టం’ అన్నది ఎవరు, ఎవరితో, ఏ కాగితం ముందు పెట్టి అన్నారన్నదాన్ని బట్టి రెండింట్లో ఏదైనా కావొచ్చు. గదమాయించడం, అదిలించడం, దబాయించడం అరుపుకి దగ్గర. దబాయించడం హిందీ ‘దబానా’ నుంచి వచ్చింది, నొక్కడం అని అర్థం, అంటే మన ఒత్తిడికి అది సొంత బంధువే. కాకపోతే తెలుగులోకి వచ్చాక తప్పు తనదై ఉండి గొంతు పెంచేవాడికి ఎక్కువ వాడుతున్నాం.

ఇంకో విషయం, ఎవరి వైపు నుంచి ఎవరి వైపుకి అన్నది. కింద నుంచి పైకి జరిగే బలవంతానికి మనకి గర్వంగా చెప్పుకునే మాటలున్నాయి. ‘ప్రభుత్వం మెడలు వంచాం’ అని సభల్లో చెప్తారు, ‘నిలదీశాం’ అంటారు. పై నుంచి కిందికి జరిగితే ‘జులుం’, ‘జబర్దస్తీ’, ‘దౌర్జన్యం’, ‘హుకుం జారీ చేశారు’. జబర్దస్త్ పారశీకంలో పైన ఉన్న చేయి, మన పైచేయికి అక్షరాలా అదే అర్థం, కానీ పైచేయి సాధించడం గెలుపు, జబర్దస్తీ చేయడం నేరం. ‘ముక్కుపిండి వసూలు చేశారు’ తమాషాది. వసూలైనవాడు దొంగ అయితే చదివేవాడు సంతోషిస్తాడు, పేదవాడైతే మండిపడతాడు, మాట ఒకటే. అనువాదంలో ఇవి వాడితే మీరు పక్షం తీసుకున్నట్టే, రిపోర్టు ఏ పక్షమూ తీసుకోకపోతే దూరంగా ఉండండి.

చట్టం సంగతి మీ రిపోర్టులో తప్పక వచ్చి ఉంటుంది కాబట్టి అది కాస్త వివరంగా. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 14వ సెక్షన్ స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి అంటే ఏమిటో చెప్తుంది. 15వ సెక్షన్ కోయర్షన్, 16వది అన్‌డ్యూ ఇన్‌ఫ్లుయెన్స్. మొదటిదానికి నిర్వచనం ఇరుకైనది: శిక్షా స్మృతి (ఏవి నేరాలో, వాటికి శిక్షలేమిటో చెప్పే చట్టం) నిషేధించిన పని చేయడం లేదా చేస్తానని బెదిరించడం, లేదా చట్టవిరుద్ధంగా ఒకరి ఆస్తిని పట్టి ఉంచడం లేదా పట్టి ఉంచుతానని బెదిరించడం, అదీ ఎదుటివాడి చేత ఒప్పందం చేయించుకునే ఉద్దేశంతో. నష్టం ఒప్పందం చేసేవాడికే జరగాలని లేదు, వాళ్ళ పిల్లలకో తమ్ముడికో హాని చేస్తామన్నా సరిపోతుంది. రెండోది వేరే రకం, ఒకరి ఇష్టాన్ని శాసించగల స్థితిలో ఉన్నవాడు ఆ స్థితిని వాడుకుని అన్యాయంగా లాభం పొందడం. అధికారం చేతిలో ఉన్నవాడు, నమ్మకంతో ముడిపడ్డవాడు, వయసు వల్లో జబ్బు వల్లో ఎదుటివాడి మనసు స్థిమితంగా లేనప్పుడు పని చక్కబెట్టుకున్నవాడు, వీళ్ళందరూ దీని కిందికి వస్తారు. తెలుగులో ‘అనుచిత ప్రభావం’ అంటారు, మాట కాస్త కృతకంగా ఉన్నా చట్టం ప్రస్తావించే చోట అదే ఉంచండి. ఈ రెండింటిలో ఏది రుజువైనా ఆ కాగితం దానంతట అది చెల్లకుండా పోదు, ఇష్టం లేకుండా సంతకం పెట్టిన మనిషి కావాలనుకుంటే రద్దు చేయించుకోవచ్చు.

‘ఉద్యోగంలోంచి తీసేస్తాం’ అనడం ఎంత భయపెట్టినా శిక్షా స్మృతి నిషేధించిన పని కాదు కాబట్టి 15వ సెక్షన్‌లో ఇమడకపోవచ్చు, అలాంటివాళ్ళకి 16వ సెక్షన్ దగ్గర. అందుకని రిపోర్టు కోయర్షన్ అని చట్టం అర్థంలో వాడిందా, మామూలు అర్థంలో వాడిందా అన్నది ప్రతిచోటా చూసుకోండి. ఎక్స్‌టార్షన్ అయితే ‘బలవంతపు వసూలు’, పాత శిక్షా స్మృతి స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 308వ సెక్షన్, క్రిమినల్ ఇంటిమిడేషన్ అంటే నేరపూరిత బెదిరింపు 351. ఈ రెండోదాంట్లో ప్రాణం, ఆస్తితో పాటు పరువుకి నష్టం చేస్తామన్న బెదిరింపు కూడా ఉంది.

మద్రాసు హైకోర్టు పాత తీర్పులు రెండు నేను తరచూ చెప్తుంటాను. 1889 నాటిదాంట్లో చిన్న వయసు వితంతువు. దత్తత తీసుకుంటానని ఒప్పుకునేదాకా భర్త శవాన్ని కదలనివ్వలేదు బంధువులు. కోర్టు ఆ దత్తత ఆమెకి కట్టుబాటు కాదంది. 1917 నాటిదాంట్లో ఒక భర్త, తన అన్నదమ్ముడి పేర ఆస్తి వదులుకుంటూ కాగితం రాయకపోతే ప్రాణం తీసుకుంటానని భార్యనీ కొడుకునీ బెదిరించాడు. అది కోయర్షనే అని మెజారిటీ జడ్జీలు తేల్చారు, ఒక జడ్జి ఒప్పుకోలేదు. ఈ రెండు కేసుల్లో ఎవరూ ఎవరినీ కొట్టలేదు, కొడతామనలేదు. మొదటిదాన్ని ‘ఒత్తిడి’ అని రాయగలరా? రాయలేరు, ‘శవాన్ని కదలనివ్వలేదు’ అని జరిగింది జరిగినట్టు రాస్తేనే న్యాయం. రెండోదాన్ని రోజువారీ భాషలో ‘చస్తానని బెదిరించాడు’ అంటాం, ఇంట్లో జరిగింది కాబట్టి అదేదో సంసారంలో గొడవలా వినిపిస్తుంది, కోర్టు అలా అనుకోలేదు.

బెదిరింపు అసలు లేకుండా ఎంత దూరం తీసుకెళ్ళొచ్చో తెలియాలంటే 1961లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ మొదలుపెట్టిన ప్రయోగాలు చూడండి. పక్క గదిలో ఉన్న మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా కరెంటు షాకు పెంచుతూ పోవాలి (షాకు నిజంది కాదు, ఇచ్చేవాడికి ఆ సంగతి తెలియదు). ఆగిపోతానన్నవాడితో ప్రయోగం నడిపే మనిషి వరసగా నాలుగు మాటలే అనేవాడు: దయచేసి కొనసాగించండి, ప్రయోగానికి మీరు కొనసాగించడం అవసరం, మీరు కొనసాగించడం అత్యవసరం, మీకు వేరే దారి లేదు, కొనసాగించాల్సిందే. 1963లో అచ్చయిన మొదటి ఫలితాల్లో 40 మందిలో 26 మంది 450 వోల్టుల దాకా వెళ్ళారు. జెర్రీ బర్గర్ దీన్నే కొంత సడలించి మళ్ళీ చేసి 2009లో అచ్చువేసిన ఫలితాల్లో, నాలుగో వాక్యం దాకా వెళ్ళాల్సి వచ్చినవాళ్ళెవరూ ఆ తర్వాత కొనసాగించలేదు. నాలుగింటిలో ఆజ్ఞలా ఉన్నది అదొక్కటే. ఆఫీసు ఉత్తరాల్లో ‘కోరడమైనది’, ‘సహకరించవలసినదిగా మనవి’ అని ఎందుకు రాస్తారో ఇప్పుడు అర్థమవుతుంది. ఇలాంటి దాన్ని తెలుగులో ‘చేయక తప్పని పరిస్థితి కల్పించారు’ అనాలి, బలవంతం అంటే ఎవరూ నమ్మరు.

ఒక అర్జీ సంగతి చెప్తాను, మీ రిపోర్టుకి నేరుగా పనికొస్తుంది. ఒకామె రాసుకొచ్చిన కాగితంలో ‘యాజమాన్యం ఒత్తిడి మేరకు రాజీనామా చేశాను’ అని ఒకే లైను ఉంది. ఏం జరిగిందమ్మా అని అడిగితే నోటితో చెప్పింది వేరు. గదిలోకి పిలిచారు. ఫోను బయట బల్ల మీద పెట్టి రమ్మన్నారు. లోపల ముగ్గురు కూర్చుని ఉన్నారు, రాజీనామా ఉత్తరం ముందే టైపు చేసి ఉంది, తేదీతో సహా. ‘మీరే మానేసినట్టు ఉంటే మీకే మంచిది, రిలీవింగ్ లెటర్ శుభ్రంగా వస్తుంది’ అన్నారు. ‘లేదంటే మేం తీసేసినట్టు రాయాల్సొస్తుంది, ఆ తర్వాత బయట మీకు...’ అని ఆపేశారు. ఇంట్లో మాట్లాడి రేపు చెప్తానంటే ‘ఈ గది దాటాక ఈ మాట ఉండదు’ అన్నారు. ఆమె సంతకం పెట్టింది, పెట్టాక నీళ్ళు తాగమని గ్లాసు జరిపారట.

ఇందులో ఒత్తిడి ఎక్కడుంది చెప్పండి. ఫోను తీయించడం ఒంటరిని చేయడం. ‘మీకే మంచిది’ నమ్మబలకడం. వాక్యం మధ్యలో ఆపేయడం బెదిరింపు, అదీ సాక్ష్యం మిగలని బెదిరింపు. ‘ఈ గది దాటాక’ తొందరపెట్టడం, ఆలోచించుకోనివ్వకపోవడం. ముందే టైపు చేసిన కాగితం ఒక్కటి చాలు, ఇది ఆమె రాసింది కాదు, ఆమె చేత పెట్టించుకున్నది అని తెలియడానికి. అర్జీ తిరగరాసినప్పుడు ‘ఒత్తిడి’, ‘బలవంతం’ రెండూ తీసేశాం. ఎవరు, ఏ గదిలో, ఏం అన్నారు, ఎంతసేపు కూర్చోబెట్టారు, అంతే. చివర ‘ఇంకో దారి లేక సంతకం పెట్టాను’ అని ఒక్క వాక్యం. మీ రిపోర్టులో కూడా బాధితుల మాటలు యథాతథంగా ఉన్న చోట ఇదే చేయండి, వాళ్ళు చెప్పిన పనులు పనులుగా తెండి, వాటికి పేరు పెట్టే పని మూలంలో లేకపోతే మీరు పెట్టకండి.

ఆ చివరి వాక్యం లాంటివి మనకి చాలా ఉన్నాయి, ఇవి బలవంతాన్ని లొంగినవాడి వైపు నుంచి చెప్తాయి: విధిలేక, గత్యంతరం లేక, దిక్కుతోచక, మనసు చంపుకుని, చచ్చినట్టు, తప్పనిసరై. చెయ్యాల్సి వచ్చింది, చెయ్యక తప్పలేదు. వీటితో ఒక ఇబ్బంది ఉంది, చేయించినవాడు వాక్యంలోంచి మాయమైపోతాడు. ‘రాజీనామా చేయాల్సి వచ్చింది’ అంటే ఎవరి వల్ల? ‘ఒత్తిళ్ళు వచ్చాయి’ అన్నది ఇంకా ఘోరం, ఒత్తిళ్ళు వానలా వాటంతట అవే రావు. డెస్కులో ఉన్నప్పుడు ఈ వాక్యం వస్తే ఎవరి నుంచి అని మార్జిన్‌లో రాసి వెనక్కి పంపేవాణ్ణి, చాలాసార్లు జవాబు వచ్చేది కాదు.

అయితే నిజంగానే మనిషి కనిపించని బలవంతం ఒకటుంది. మన రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల అక్రమ రవాణాని, వెట్టిని, అలాంటి బలవంతపు చాకిరీని నిషేధించింది, వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. 1982లో ఏషియాడ్ (ఆసియా క్రీడల) నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు, బలవంతం అంటే దెబ్బలూ చట్టపరమైన ఆంక్షలే కాదు, పేదరికం వల్ల వేరే దారి లేకపోవడం కూడా బలవంతమే, కనీస వేతనం కన్నా తక్కువకి పనిచేయించుకుంటే అది 23వ అధికరణం కిందికి వస్తుంది అని చెప్పింది. ఆ కూలీ మీద ఎవరూ అరవలేదు, తనే వచ్చాడు. ఇలాంటి చోట ‘గత్యంతరం లేక ఒప్పుకున్నారు’ అన్నది సరైన వాక్యం, ఇక్కడ చేయించినవాణ్ణి వెతికి వాక్యంలో ఇరికించాల్సిన పని లేదు. దాని తర్వాత వాక్యంలో మాత్రం కూలి ఎంత ఇచ్చారో రాయండి.

రెండో ప్రశ్న, ‘ప్రెషర్ పెట్టారు’. మాట్లాడేవాడి మాటగా కొటేషన్‌లో అయితే నిక్షేపంగా పెట్టండి, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు అలాగే అంటారు, దాన్ని ‘ఒత్తిడికి గురిచేశారు’ అని దిద్దితే ఆ మనిషి గొంతు పోతుంది. టార్చర్ పెట్టారు, టెన్షన్ పెట్టారు, ఫోర్స్ చేశారు కూడా అంతే. మీ సొంత కథనంలో మాత్రం వద్దు, తెలుగు మాట కాదని కాదు, ఒత్తిడి ఎంత చెప్తుందో ప్రెషరూ అంతే చెప్తుంది కాబట్టి. శీర్షికల్లో చోటు తక్కువైతే ‘ఒత్తిడి’ వాడుకోండి, అక్కడ దానికి సాటి లేదు, మూడక్షరాలు. మూలంలో ‘ప్రెషరైజ్డ్’ అని మాత్రమే ఉండి ఇంకే వివరమూ లేని పేరాలు కొన్ని తగులుతాయి మీకు, వాటికి ‘ఒత్తిడి చేశారు’ అనే ఉంచేయండి. అక్కడ ఏం జరిగిందో రిపోర్టు రాసినవాళ్ళకే తెలియకపోతే మీరు ఊహించి మంచి మాట పెట్టడం కుదరదు, వీలైతే వాళ్ళకి ఒక మెయిల్ పెట్టి అడగండి.